కొనకముందే తెలియాలి
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు మునిసిపాలిటీలో పనిచేసిన వారు గదా, ఇప్పుడు ఇంటి ప్లాన్లన్నీ కంప్యూటర్లోనే పాసవుతున్నాయట. దాని మంచి చెడ్డలు మన వాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పండి" అన్నారు. నాకు కంప్యూటర్ విద్య అంతంత మాత్రమే. అయితే 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2009లో పదవీ విరమణ చేసే వరకు 36 ఏళ్ళ సర్వీసులో సగానికి పైగా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోనే గడిపాను. ఆ అనుభవంతో, తరువాత చదివి, అడిగి తెలుసుకున్న సంగతులతో నాకు తోచినది మనవి చేస్తాను.

మా రోజుల్లో ఇల్లు కట్టాలంటే ఎలా ఉండేదో ఇక్కడున్న చాలామందికి జ్ఞాపకమే. సర్వేయరు దగ్గరో డ్రాఫ్ట్స్‌మన్ దగ్గరో ప్లాన్ గీయించి, అమ్మోనియా వాసన వచ్చే బ్లూప్రింట్లు నాలుగు సెట్లు తీయించి, దస్తావేజు నకలు, లింకు డాక్యుమెంట్లు జతచేసి ఇన్‌వర్డులో ఇచ్చేవారు. ఆ నంబరు పట్టుకుని తిరగడం మొదలు. ఓవర్సీయరు స్థలం చూడాలి, నోట్ ఫైలు రాయాలి, లోపముంటే మెమో వెళ్ళాలి, జవాబు రావాలి, చలానా కట్టాలి, చివరకు కమిషనర్ గారి సంతకమై సీలు పడిన ప్లాన్ చేతికి రావాలి. ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలుసుకోవడానికే సగం చెప్పులు అరిగేవి. ఏ బల్ల దగ్గర ఏం జరిగేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది ఇప్పుడు తవ్వుకోవద్దు.

ఆ తిరుగుడు తగ్గిందన్న మాట నిజం. దానికి కంప్యూటర్‌కు దండం పెట్టాలి. మన ఉమ్మడి రాష్ట్రంలో ఈ మార్పు మొదట కనిపించింది రిజిస్ట్రేషన్ శాఖలో. 1998 నవంబరులో 'కార్డ్' అనే పథకం వచ్చి, రోజుల తరబడి పట్టే ఈ.సి. కొద్ది నిమిషాల్లో చేతికి రావడం మొదలయింది. తరువాత 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. ఇంటి ప్లాన్ల వరకు వస్తే, 2016 ప్రాంతంలో గ్రేటర్ హైదరాబాదులోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ ఆన్‌లైన్ దరఖాస్తులు వచ్చాయి. తెలంగాణలో 2020లో ప్రత్యేకంగా చట్టమే చేసి, ఆ నవంబరులో 'టి.ఎస్. బి-పాస్' ప్రారంభించారు. 2025లో దాని స్థానంలో 'బిల్డ్ నౌ' వచ్చింది.

2020 చట్టం పెట్టిన పద్ధతి ఇది. 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు దాటకుండా ఇల్లు కట్టుకునే పేదవాడికి అనుమతే అక్కరలేదు. ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టేవారికి, యజమాని తానే ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో ఔనో కాదో చెప్పాలి; చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. నెలల తరబడి ఫైళ్ళు మోసినవాడిగా చెబుతున్నాను, ఇది చిన్న విషయం కాదు.

అయితే సోదరులారా, కంప్యూటర్ ఇక్కడ ఏం చూస్తుందో మనం అర్థం చేసుకోవాలి. లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసి పంపిన బొమ్మను అది చదువుతుంది. రోడ్డు వెడల్పు ఇంత, స్థలం ఇంత, నాలుగు వైపులా ఇంతింత వదిలారు, ఎత్తు ఇంత అని లెక్కకట్టి, నిబంధనలతో పోల్చి, ఫీజు కూడా తేల్చేస్తుంది. మా ఓవర్సీయరు స్కేలు పెట్టి రెండు రోజులు చేసే పని అది నిమిషాల్లో చేస్తుంది, పొరపాటు పడదు. కాని బొమ్మలో 30 అడుగుల రోడ్డు అని రాసి, నేల మీద 20 అడుగులే ఉంటే, ఆ సంగతి దానికెలా తెలుస్తుంది? తరువాత తనిఖీలో తేలుతుంది. అప్పుడు అనుమతి రద్దు చేసే అధికారం, అతిక్రమించి కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. యజమాని తానే ధ్రువీకరించడమంటే బాధ్యత కూడా యజమాని నెత్తినే ఉందని అర్థం. గీసినవాడు మరో బేరం చూసుకుంటాడు. సంతకం పెట్టిన పెద్దమనిషి ఆఫీసు చుట్టూ తిరుగుతాడు.

కనుక అనుమతి ఎంత త్వరగా వచ్చిందన్న ఒక్క కొలతతో ఈ కంప్యూటర్ సేవలను కొలవకూడదని నా మనవి. మనలాంటి వాడు జన్మకొక్కసారి స్థలం కొంటాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి ఒక్కసారిగా చేతికి వచ్చిన సొమ్ము అందులో పెడతాడు. ఆ సొమ్ము పెట్టకముందే ఆ స్థలం గురించిన నిజం అతనికి తెలుస్తున్నదా? అది తెలిపితేనే మునిసిపాలిటీ నిజంగా ఆధునికమైనట్టు.

ఒక ఉదాహరణ చెబుతాను. పేరు చెప్పను, ఆయన మన సభ్యుడే, స్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో ఊరి చివర 200 గజాలు కొన్నారు. రిజిస్ట్రేషన్ అయింది, ఈ.సి. శుభ్రంగా ఉంది. కొన్నేళ్ళకు పిల్లవాడు ఇల్లు మొదలుపెడదామని వెళితే, మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డు ఆ స్థలం మీదుగానే పోతున్నదని తేలింది. ఆ మాస్టర్ ప్లాన్ రహస్యమేమీ కాదు. ఆ ఆఫీసు గోడకే వేలాడుతున్నది. కాని కొనబోయే మాస్టారికి అది చూడాలని చెప్పినవారు లేరు. చూసినా, తన 200 గజాలు అందులో ఎక్కడున్నాయో పోల్చుకోవడం ఆయన వల్ల కాదు.

ఎందుకంటారా? స్కేలు లెక్క చూడండి. 1:10,000 స్కేలులో గీసిన పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగులు. 200 గజాల స్థలం ముఖం సాధారణంగా 30 అడుగులు. అంటే డ్రాఫ్ట్స్‌మన్ పెన్ను ఒక మిల్లీమీటరు లావుగా పడితే, ఆ గీత కింద ఒక పెన్షనర్ ఇల్లు మొత్తం మాయమవుతుంది. రోడ్డు తన స్థలంలో ఉందా, పక్కవాడి స్థలంలో ఉందా అన్నది ఆ కాగితం చెప్పలేదు. అప్పుడు చెప్పేది ఎవరు? ఆ సీట్లో ఉన్నవాడు. ఆ మాట ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉండేది.

ఇక్కడే కొత్త విద్య నిజంగా పనికొస్తుంది. 2015లో కేంద్ర ప్రభుత్వం అమృత్ పథకం కింద దేశంలో 500 నగరాలకు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మాస్టర్ ప్లాన్లు తయారు చేయించే పని పెట్టుకుంది. మన వైపు వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. చిత్రాలకు ఆధారం హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం. స్కేలు 1:4,000. అంటే మిల్లీమీటరుకు 4 మీటర్లు. పటం కంప్యూటర్లో ఉంటే, దాని మీద సర్వే నంబర్ల హద్దులు ఒక పొరగా, మాస్టర్ ప్లాన్ రోడ్లు ఒక పొరగా, చెరువులు ఒక పొరగా, మంజూరైన లేఅవుట్లు ఒక పొరగా పరచవచ్చు. మనం ఇదివరలో ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూసేవాళ్ళం గదా, అదే పని. కాకపోతే ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడవచ్చు.

అయితే పొరలన్నీ సరిగా ఉండాలి. అడుగు పొర తప్పయితే పైవన్నీ తప్పే. ఇందాక చెప్పిన ఈ.సి. సంగతే చూడండి. కంప్యూటర్లో దొరికేది 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు మాత్రమే. అంతకు ముందువి కావాలంటే పాత వాల్యూములు తిప్పించాల్సిందే. ఈ సంగతి తెలియనివాడు కంప్యూటర్ కాగితం చూసి, ఈ భూమికి ఏ లావాదేవీ లేదనుకుంటాడు. కంప్యూటర్ అబద్ధమాడలేదు. దానికి అప్పగించిన లెక్క అంతవరకే ఉంది.

లెక్క సరిగా లేకపోతే, ఉన్నా జనానికి కనపడకపోతే ఏమవుతుందో తెలంగాణలో మనం కళ్ళారా చూశాం. 2020 ఆగస్టులో ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లను క్రమబద్ధీకరిస్తామంటే, సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఇరవై అయిదు లక్షలు! వీరందరూ చట్టాన్ని ధిక్కరించాలని కొన్నవారా? కారు, అధిక భాగం మనవంటి వారే. దళారి చేతిలో రంగుల బ్రోచర్ ఉంది, ఆఫీసు బీరువాలో మంజూరైన లేఅవుట్ల రిజిస్టరు ఉంది. కొనేవాడికి మొదటిది కనపడింది, రెండవది కనపడలేదు. ఆ దరఖాస్తులు ఏళ్ళ తరబడి ఆగిపోయి, 2025లో ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్ళీ కదిలించాల్సి వచ్చింది.

చెరువుల సంగతీ అంతే. 2024లో హైదరాబాదులో హైడ్రా ఏర్పడిన తరువాత 'ఎఫ్.టి.ఎల్.' అనే మాట ప్రతి ఇంటా వినపడుతున్నది. అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు. ఎండాకాలంలో వెళ్ళి చూసినవాడికి అది పచ్చిక మైదానంలాగే ఉంటుంది. ఆ హద్దు పటం మీద గీసి, నోటిఫై చేసి, అందరికీ కనపడేట్టు పెడితే, కొనేవాడు వెనక్కు తగ్గుతాడు. ఇల్లు లేచిన తరువాత గీస్తే కన్నీళ్ళే మిగులుతాయి. లేఅవుట్లో పార్కు కోసం వదిలిన 10 శాతం ఖాళీ జాగా కూడా ఇట్లాగే మాయమయ్యేది. ఫైలు దొరకదు, హద్దు ఎవరికీ తెలియదు, ఒకరోజు అక్కడ పునాది కనపడుతుంది.

ఈ విషయంలో ఇంగ్లండు వారి పద్ధతి కొంత చెప్పాలి. మా అమ్మాయి కుటుంబం అక్కడ ఉండడం వల్ల రెండుసార్లు వెళ్ళి కొన్ని నెలలు ఉండి వచ్చాను. పాత గుమాస్తా బుద్ధి పోదు గదా, వీధి స్తంభానికి కట్టిన నోటీసు కనపడితే ఆగి చదివేవాణ్ణి. ఫలానా నంబరు ఇంటివారు వెనుక వైపు గది వేసుకుంటామని దరఖాస్తు పెట్టారు, అభ్యంతరాలుంటే ఫలానా తేదీ లోపల తెలపండి అని. అక్కడ 1947లో చేసిన పట్టణ ప్రణాళికా చట్టం నుంచి వస్తున్న పద్ధతి ఇది. ప్రతి కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ వంటిది, వచ్చిన దరఖాస్తులన్నిటికీ జనం చూడదగ్గ రిజిస్టరు ఉంచాలి. ఇరుగు పొరుగుకు తెలపాలి, 21 రోజులు గడువివ్వాలి. చిన్న పనులకు 8 వారాలు, పెద్ద పనులకు 13 వారాల్లో తేల్చాలి. మా అమ్మాయి కౌన్సిల్ వెబ్‌సైటు తెరిచి పొరుగింటి ప్లాన్, ఇతరులు రాసిన అభ్యంతరాలు నాకు చూపించింది. వెలుతురు తగ్గుతుంది, మా పెరట్లోకి కిటికీ వస్తుంది అంటే వింటారు. మా ఇంటి ధర పడిపోతుంది అంటే మాత్రం లెక్కలోకి తీసుకోరు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పను. ఒక్కో కౌన్సిల్ ఒక్కో విధంగా కాగితాలు పెట్టుకోవడం, అసంపూర్ణంగా వచ్చిన దరఖాస్తులు తిప్పి పంపడంతోనే కాలం గడవడం అక్కడా ఉంది. అందుకని లండన్‌లోని లాంబెత్, సదర్క్, కామ్డెన్, లండన్ వెలుపల బకింగ్‌హామ్‌షైర్ వంటి కౌన్సిళ్ళు ప్రభుత్వ సాయంతో కలిసి పనిచేయడం మొదలుపెట్టాయి. ఇంటివాడిని మామూలు మాటల్లో ప్రశ్నలడిగి, "మీ పనికి అనుమతి కావాలి" లేదా "అక్కరలేదు" అని ముందే చెప్పే సాధనం ఒకటి, వచ్చిన దరఖాస్తును లోపల ఉద్యోగులు పరిశీలించే సాధనం ఒకటి తయారు చేసుకున్నాయి. కాపాడవలసిన పాత కట్టడాలు, నరకకూడని చెట్లు, వరద వచ్చే ప్రాంతాలు, ఇవన్నీ ఒకే తీరులో రాసి ఒకే చోట పెట్టే జాతీయ పట్టిక కూడా మొదలైంది. 2023లో చేసిన చట్టం, ప్రణాళికా సమాచారం ఒకే ప్రమాణంలో ఉంచాలని కౌన్సిళ్ళను ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మనం అనుమతి త్వరగా ఇవ్వడంతో మొదలుపెట్టాం. వారు రిజిస్టరు జనానికి చూపడంతో ఎన్నడో మొదలుపెట్టి, ఇప్పుడు దాన్ని కంప్యూటర్‌కు ఎక్కిస్తున్నారు. వారి నిదానం మనకు అక్కరలేదు గాని, ఆ రిజిస్టరు మాత్రం కావాలి.

ఇక మనం చేయగలిగినది. ఈ సంఘంలో మునిసిపాలిటీ వారున్నారు, సర్వే శాఖ వారున్నారు, రెవిన్యూ, రిజిస్ట్రేషన్, పంచాయతీరాజ్ వారున్నారు. పాత సర్వే నంబరు ఏ కొత్త వీధిలోకి వచ్చిందో, ఏ లేఅవుట్లో పార్కు జాగా ఎక్కడుండేదో, ఏ కుంటకు ఏ కాలువ నీళ్ళు తెచ్చేదో మన తలల్లో ఉంది. పాత ఫైళ్ళు స్కాన్ చేసే కుర్రవాళ్ళు చురుకైనవారే. కాని చెదలు కొట్టిన ఫైలు మీద "ఎల్.పి. నం." పక్కన సగం చెరిగిన అంకె 3నో 8నో వారికి ఎలా తెలుస్తుంది? ఆ అంకె తప్పుగా ఎక్కితే కంప్యూటర్లో ఆ తప్పు శాశ్వతమవుతుంది. మనం ఇంకా కొద్ది కాలమే ఉంటాం. మనతోపాటు ఆ జ్ఞాపకమూ పోతుంది. కనుక కమిషనర్ గారికి మన సంఘం తరఫున ఒక విజ్ఞాపన ఇద్దామని ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, మంజూరైన లేఅవుట్లు, వాటిలోని ఖాళీ జాగాలు, మాస్టర్ ప్లాన్ రోడ్లు, చెరువు హద్దులు ఉన్న పటం వార్డు ఆఫీసులోనూ, వెబ్‌సైటులోనూ తెలుగులో పెట్టాలి. రెండవది, పాత రికార్డు సరిచూసే పనిలో మనలో ఓపిక ఉన్నవారు వారానికి ఒక పూట ప్రతిఫలం లేకుండా కూర్చుంటాం. మూడవది, ఓ.టి.పి.లు, అప్‌లోడులు తెలియని వృద్ధులకు, వితంతు పింఛనుదారులకు సాయం చేయడానికి ఆఫీసులో ఒక బల్ల, ఒక మనిషి ఉండాలి. కంప్యూటర్ వచ్చిన తరువాత కౌంటరు తీసేస్తే, ఆ కౌంటరు దళారి ఇంటికి పోతుంది.

కుటుంబ సభ్యులకు ప్రత్యేకంగా కొన్ని మాటలు. స్థలం కొనేముందు లేఅవుట్ అనుమతి నంబరు అడిగి, ఇచ్చిన సంస్థ దగ్గరే సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే 2016 రెరా చట్టం కింద నమోదై ఉండాలి. రెరా వెబ్‌సైటులో చూడండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు నివాస ప్రాంతమా, రోడ్డా, చెరువా కనుక్కోండి. ఈ.సి. 1983కు ముందుది కూడా కావాలేమో న్యాయవాదిని అడగండి. దరఖాస్తు ఎవరు పెట్టినా సెల్ నంబరు మాత్రం మీదే వేయించండి. దళారి నంబరు వేస్తే సందేశాలన్నీ అతనికే పోతాయి, లోపం ఉందన్న మెమో కూడా. ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకోవడం మరచిపోకండి. చేతిలో ప్లాన్ ఉంది గదా అని ఊరుకుంటే రేపు అమ్మేటప్పుడు, అప్పు తీసుకునేటప్పుడు ఇబ్బంది.

స్కూలు మాస్టారి ఇంటి సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. రోడ్డు పోను మిగిలిన జాగాలో చిన్న ఇల్లే కట్టుకున్నారు. దేవుడి దయ, అంతవరకు దక్కింది. ఆ సంగతి కొనకముందు ఒక్క రోజు తెలిసి ఉంటే ఆయన వేరే చోట చూసుకునేవారు. ఆ ఒక్క రోజు ముందు తెలపడానికే ఇంత యంత్రాంగమూ ఉండాలని నా అభిప్రాయం.

నా ప్రతిపాదనను సభ ఆమోదించి, విజ్ఞాపన రాసే బాధ్యత ఎవరికైనా అప్పగించవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను. చిత్తు ప్రతి రాయడానికి నేను సిద్ధం. ఆ అలవాటు ఇంకా పోలేదు.